మూడు రోజుల మనిషి

మోచేతి మడతలో దూదిని అదిమిపట్టుకుని సూర్యనారాయణమూర్తి మాస్టారు చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీది టిఫిన్ హోటల్లో తన మామూలు మూలబల్ల దగ్గర కూర్చునేసరికి ఏడూ ఇరవై అయింది. నారాయణగూడ ల్యాబులో పరగడుపు రక్తం ఇచ్చేశాడు, ఇక ఇక్కడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న నిమిషం నుంచి లెక్కబెట్టి రెండు గంటలకు మళ్ళీ అక్కడికి వెళ్ళి రెండో చెయ్యి చాపాలి, పదేళ్ళుగా మూడు నెలలకోసారి చేస్తున్నదే, కొత్తేం కాదు, భయం అంతకన్నా లేదు, ఏటా వందలమందికి భయం పోగొట్టి పరీక్ష హాలుకి పంపించే మనిషికి బొట్టు రక్తం ఒక లెక్కా. బయట జూలై ముసురు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు వెళ్ళే బస్సులన్నీ నిండుగా ఒక పక్కకి ఒరిగి పోతున్నాయి, లోపల పెనం మీది పెసరట్టు సెగకి అల్లం, జీలకర్ర వాసన లేచి బల్లబల్లకీ వచ్చి పలకరించి పోతోంది, ఆ వాసనకి మాస్టారి పొట్ట, చొక్కా నాలుగో గుండీని ఎప్పుడూ కాస్త ఇబ్బందిపెట్టే ఆ పొట్ట, ఆయన్ని అడక్కుండానే బల్ల దగ్గరికి జరిగింది.

"నమస్తే సార్. ఇయ్యాల రక్తం ఇచ్చిన రోజు గదా. రెండిడ్లీ, చట్నీ లేకుంట, గంతేనా?" అన్నాడు బీరయ్య. పన్నెండేళ్ళుగా ఈ హోటల్లో సప్లయరు, మాస్టారి మోచేతి దూది చూసి ఆర్డరు తెలుసుకునేంత పాతవాడు.

"జర ఆగు బీరయ్యా," అన్నాడు మాస్టారు. తండ్రి ఉద్యోగంతో పాటు యాభై ఆరులో కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం, ఇన్నేళ్ళ హైదరాబాదు ఆయన మాటల్లో కలిపింది ఈ ‘జర’ ఒక్కటే. ఎప్పుడూ ఆగని మనిషి ఆగమన్నందుకు బీరయ్య వింతగా చూసి పక్కబల్లకి వెళ్ళాడు.

ఆగమన్నాడు సరే, ఎందుకు ఆగమన్నట్టు. రెండు ఇడ్లీలు అనడానికి నోరెందుకు రాలేదు. పద్ధతి తనదే కదా, ఎవరో నేర్పింది కాదు, తన బుర్రలో పుట్టిందే. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో అంకగణితం చెప్పే మూర్తి మాస్టారంటే ఆదిలాబాదు నుంచి అనంతపురం దాకా ఉద్యోగం కోసం చూసే కుర్రకారందరికీ తెలుసు, మొత్తం సిలబస్ చదివేవాడు పండితుడవుతాడు, ఏది వదిలెయ్యాలో తెలిసినవాడు ఆఫీసరవుతాడు అన్నది ఆయన మొదటి రోజు మొదటి మాట, రెండో మాట సుద్దముక్క విరిగేలా బోర్డు మీద కొట్టి మరీ చెప్పేది, దిద్దేవాడికి నీ తలకాయ కనపడదురా, నువ్వు రాసిందే కనపడుతుంది. నలభై ఎనిమిదో ఏట షుగరు బయటపడినప్పుడు ఇంట్లో అందరూ దిగాలుపడితే ఆయన మాత్రం, ఇదీ ఒక పరీక్షే కదా, తారీఖు ముందే తెలిసిన పరీక్ష, అనుకున్నాడు. తారీఖుకి మూడు రోజుల ముందు నుంచి జొన్నరొట్టె, కాకరకాయ, పల్చటి మజ్జిగ, సాయంత్రాలు ఇందిరాపార్కు చుట్టూ ఒకటికి మూడు చుట్లు, పరీక్ష రోజున రెండే రెండు ఇడ్లీలు, తిన్నాక వీపు తడిసేదాకా నడక. అంతే, తినకముందు నూటపది, తిన్నాక నూటయాభై, పాత డాక్టరుగారు ఆ కాగితం ఎత్తిపట్టి వెయిటింగు రూములోని వాళ్ళందరికీ చూపించి ఇదిగో ఈయన్ని చూసి నేర్చుకోండయ్యా అనేవాడు. నాలుగో రోజు నుంచి ఎవరి దారి వారిదే, ఇంట్లో భార్య రత్నమాల పెట్టే రెండు పుల్కాలు పుల్కాలే, క్లాసుకీ క్లాసుకీ మధ్య బండి మీద మిరపకాయ బజ్జీలు బజ్జీలే, ఇరానీ చాయ్‌లో ముంచిన బిస్కెట్లకి లెక్కే లేదు. లెక్కల మాస్టారు లెక్కపెట్టనివి లోకంలో అవొక్కటే.

అలా పదేళ్ళు నడిచిన బండికి అడ్డం వచ్చింది వేదవతి. పాత డాక్టరుగారు మానేశాక ల్యాబు మీది అంతస్తులో కూర్చుంటున్న కొత్త డాక్టరమ్మ, నలభై కూడా ఉండవు, కళ్ళజోడు జుట్టు మీదికి నెట్టుకుని కాగితం చదువుతుంది, మెచ్చుకోవడమనేది తెలియని మనిషి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటి ఉందట, ఆ మాట మాస్టారికి చెప్పకుండా అదే రక్తంతో చేయించింది. రెండు వారాల కింద రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, "ఈ రెండూ ఒకే మనిషివి కావు మాస్టారూ," అంది. ఒకదాంట్లో నూటపద్దెనిమిది, రెండోదాంట్లో పది దాటిన అంకె, అది ఏడు లోపు ఉండాలట. మీ ల్యాబులో పొరపాటై ఉంటుందండీ అన్నాడు ఆయన తడుముకోకుండా. ఆమె నవ్వింది, అదే వొళ్ళు మండించింది, "అయ్యుండొచ్చు, అందుకే మళ్ళీ చేద్దాం. ఈసారి మాత్రం రోజూ ఏం తింటారో అదే తిని రండి, నాకోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యకండి," అంది. నాకోసం అట. తర్వాత స్కాను. పొట్ట మీద చల్లటి జెల్లీ పూసి ఆ గదిలోని కుర్రడాక్టరు తెర మీద నుంచి చూపు తిప్పకుండా, మందు అలవాటుందా సార్ అని అడిగాడు, అంత జెల్లీతోనూ లేచి కూర్చున్నాడు మాస్టారు, మా ఇంట్లో ఆ వాసనే తెలీదు బాబూ. కాలేయంలో కొవ్వు, రెండో గ్రేడు. వేదవతి మాత్రం ఆ ప్రశ్న అడగలేదు, అడక్కుండానే చెప్పింది, తాగక్కర్లేదు, షుగరున్నవాళ్ళలో చాలామందికి పేరుకుంటుంది, కాలేయం నొప్పెట్టదు, నోరు విప్పదు, కానీ అక్కడ కొవ్వు చూశానంటే నేను మొదట అడిగేది గుండె సంగతి, ఆ రెండూ జంటగా తిరుగుతాయి, మెట్లెక్కేటప్పుడు నొప్పిగానీ ఆయాసంగానీ ఏమైనా వస్తోందా. నాకా, అన్నాడు మాస్టారు, రోజుకి నాలుగుసార్లు మూడో అంతస్తు ఎక్కుతానమ్మా. ఆమె రాసుకుంది. నొప్పి లేదు, అని రాసుకుంది. చూస్తూ ఊరుకున్నాడు.

ఆ స్కాను కాగితం ఇంటికి తీసుకెళ్ళలేదా అంటే తీసుకెళ్ళాడు, అంకగణితం పుస్తకంలో కాలము–పని పాఠం దగ్గర మడిచి పెట్టాడు, రత్నమాల ఆ పుస్తకం జోలికి పోదు. కాలేయం అన్న మాట ఆ ఇంట్లో ఎలా ఎత్తడం. ఆమె అన్నగారు నలభై నాలుగో ఏట కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి పోయాడు, అది తాగుడే, అందులో అనుమానం లేదు, కానీ పదో రోజు భోజనాల దగ్గర పదిమందిలో, చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నది ఎవరు, ఈ మూర్తి మాస్టారే. విస్తరి ముందు నుంచి లేచిపోయింది రత్నమాల. నెల్లాళ్ళు మాట్లాడలేదు, అన్నం వడ్డించేది, చూపు వడ్డించేది కాదు. ఆ మనిషి ముందు ఇవాళ ఏ ముఖం పెట్టుకుని ఆ కాగితం పెట్టడం, తాగకపోయినా వస్తుందట అంటే నమ్ముతుందా, నమ్మినా మా అన్నయ్యని అన్న మాట మాటేమిటి అనదూ. అనకపోయినా అనుకుంటుంది.

పక్కబల్ల మీద ఎవరికో ఇడ్లీ వచ్చింది. తెల్లగా, రెండు. వెంకటరామయ్యకి కూడా సరిగ్గా రెండే, చట్నీ లేకుండా. ఇందిరాపార్కులో మాస్టారి వెనకాల నడిచే ఐదారుగురు షుగరు మనుషుల్లో ఆయన మొదటి శిష్యుడు, జలమండలిలో రిటైరైన మనిషి, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, పద్ధతి నేర్చుకున్న ఆరు నెలలకే ఆయన కాగితం గురువుగారి కాగితం కంటే అందంగా వచ్చింది. గత నెల్లో అదే అందమైన కాగితం జేబులో ఉండగా పార్కు గేటు దగ్గర గుండెపోటుతో కుప్పకూలాడు. బతికాడు, పుణ్యాత్ముడు. మొన్న ఆదివారం అశోక్‌నగర్లో వాళ్ళింటికి చూడబోతే మంచం మీద దిండ్లకి ఆనుకుని, ఆ ఎముకల గూడు నవ్వడానికి కూడా కాస్త ఆగి ఊపిరి తీసుకుని, "పరీక్షలన్నీ ఫస్టు క్లాసేనండీ మాస్టారూ, ఉద్యోగం దగ్గరే ఊడబెరికారు," అన్నాడు. నవ్వాలి కదా, నవ్వాడు. అప్పుడు ఆదిలక్ష్మిగారు, ఆయన భార్య, కాఫీ గ్లాసు చేతికిస్తూ, నిష్ఠూరం లేదు, ఒక్క పిసరు లేదు, అదే ఇంకా లోపల తిరుగుతోంది, "మీరు చెప్పినట్టే మూడ్రోజులూ కడుపు మాడ్చుకునేవారండీ, రిపోర్టులు బంగారంలా వచ్చేవి, ఇలా ఎందుకైందో మీకేమైనా తెలుస్తుందా మాస్టారూ," అంది. ఇచ్చిన కాఫీ ఒక్క గుక్కలో తాగి వచ్చేశాడు.

తెలుస్తుందా. తెలిసింది, ఆ కాఫీ గొంతు దిగేలోపే తెలిసింది, ఒప్పుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. ఏడాదిలో నాలుగు పరీక్షలు, పరీక్షకి మూడు రోజులు, మొత్తం పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ జొన్నరొట్టె తిని పార్కు చుట్టూ తిరిగే పెద్దమనిషి ఒకడున్నాడు, వాడికి డాక్టర్లు పదేళ్ళుగా మందులిస్తున్నారు, వాడి షుగరుకి తగినంత, వాడికి చాలినంత. మిగతా మూడు వందల యాభై మూడు రోజులూ బజ్జీలు తిని, సుద్దపొడి పీల్చి, మూడో అంతస్తు ఎక్కి దిగే ఈ రెండోవాడికి ఒక్క మాత్ర కూడా రాయలేదు ఎవ్వరూ. వాణ్ణి ఏ డాక్టరూ ఎప్పుడూ చూడలేదు, వాణ్ణి చూసింది ఆ మూడు నెలల సగటు పరీక్షా, ఆ చల్లటి జెల్లీ కింద స్కాను యంత్రమూ, ఆ రెండే. దిద్దేవాడికి నువ్వు రాసిందే కనపడుతుంది. మరి ఇంత తెలిసి కూడా ఏం చేశాడు, నిన్నటిదాకా మూడు రోజులూ బుద్ధిగా జొన్నరొట్టే తిన్నాడు, చెయ్యొద్దని ఆమె చెప్పినా సరే, అలవాటు అలాంటిది, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పుడకల దాకా ఎందుకు, ఈ బల్ల దగ్గరే వదిలితే పోలా.

"బీరయ్యా! రెండు పెసరట్టు ఉప్మా, అల్లం చట్నీ కాస్త ఎక్కువ వెయ్యి, ఒక సాంబారు వడ, తర్వాత కాఫీ. పంచదార రెండు చెంచాలు."

"సార్, ఇయ్యాల రక్తం గదా?"

"రక్తమేనయ్యా. తీసుకురా."

తిన్నాడు. మొదటి ముక్క తుంపేముందు గడియారం చూసుకున్నాడు, ఏడూ ముప్ఫై ఐదు, దొంగతిండి కాకుండా పదేళ్ళలో మొదటిసారి తింటున్న పెసరట్టు, దాని రుచే వేరు. చట్నీ గిన్నె వేలితో ఊడ్చాడు. ఇదే ఆఖరుసారి ఇలా తినడం అని ఎక్కడో తట్టింది, తట్టినా బెంగ పడలేదు, వీడ్కోలు విందు ఈ మాత్రం ఉండాలి అనుకున్నాడు.

ఇక రెండు గంటలు గడపాలి, నడవకుండా గడపాలి, అదే కష్టం. కాళ్ళు వాటంతట అవే పార్కు వైపు లాగుతున్నాయి, నాలుగు చుట్లు తిరిగితే పాతిక ముప్ఫై పాయింట్లు దిగుతుంది, ఎవరు చూడొచ్చారు. నడిస్తే మోసం అని తనకి తనే గట్టిగా చెప్పుకుని నగర గ్రంథాలయంలోకి తిరిగి పేపర్ల గదిలో బెంచీ మీద కూలబడ్డాడు. అక్కడ ఉద్యోగం కోసం చదివే వాళ్ళు సగం మంది లేచి నమస్కారం పెట్టారు. మూడోసారి రాస్తున్న జైపాల్, గడ్డం నెరుస్తున్న శిష్యుడు, పక్కకి జరిగి గుసగుసగా, "సార్, ఈసారి ఏం చాప్టర్లు ఇడ్సిపెట్టొచ్చు?" అన్నాడు. మాస్టారు చెప్పాడు, మూడు చాప్టర్లు, తడుముకోకుండా, పరీక్ష పరీక్షే, దానికి ఆ నీతి చాలు. తప్పు పద్ధతిలో లేదు. పద్ధతిని తీసుకెళ్ళి ఒంటికి అంటించడంలో ఉంది, ఒళ్ళు సిలబస్ మొత్తం అడుగుతుంది, ఏ చాప్టరూ వదలదు.

ఏ చాప్టరూ. దవడ. అబ్బే, అది పన్ను. నాలుక అక్కడికి వెళ్ళి తడిమింది, కింది వరస ఎడమ పక్క చివరి పన్ను, ఇప్పుడు నొప్పి లేదు, కూర్చుంటే ఉండదు, మెట్లెక్కితేనే. నెలరోజుల కింద మొదటిసారి, రెండో అంతస్తు మలుపు దగ్గర, ఎవరో దారం కట్టి లాగినట్టు దవడ పట్టేసింది, ఛాతీ మీద పుస్తకాల కట్ట పెట్టినంత బరువు, నుదుట చెమట. పిల్లలు చూస్తున్నారని గోడ మీది ఫలితాల జాబితా చదువుతున్నట్టు నిలబడ్డాడు, తన శిష్యుల పేర్లే, ఒక్కటీ కళ్ళకి ఆనలేదు, రెండు నిమిషాల్లో తగ్గింది. అప్పటి నుంచి వారానికి మూడు నాలుగుసార్లు, అదే మలుపు, అదే జాబితా. హిమాయత్‌నగర్లో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు కూడా, పీకెయ్యండి అన్నాడు. ఆయన అద్దం పెట్టి, సుత్తితో తట్టి చూసి, పన్ను రాయిలా ఉందండీ, మెట్లెక్కినప్పుడే వచ్చే పంటినొప్పి నేనెక్కడా చూడలేదు, మీ డాక్టరుకి చెప్పండి అన్నాడు. పని రాదు వీడికి అనుకుని బయటికొచ్చి కిరాణా కొట్లో లవంగాలు కొన్నాడు. ఇప్పుడూ చొక్కా జేబులో పొట్లం ఉంది, క్లాసులో బుగ్గన లవంగం పెట్టుకుని పాఠం చెబుతుంటే సార్‌కి పన్నునొప్పి అని పిల్లలు జాలిపడుతున్నారు. తిండి సంగతి ఒప్పుకున్నాడు కదా, అది చాలదూ, అన్నీ ఒక్కరోజే ఎందుకు. గుండె అంటే ఇక ఆ మూడో అంతస్తు, ఆ సుద్దముక్క, సార్ వచ్చిండు అనగానే సద్దుమణిగే ఆ మూడు వందల తలకాయలు, అవన్నీ ఎవరు తీసేసుకుంటారో. భయం లేదన్నాడు పొద్దున. ఉంది. ఇదే.

తొమ్మిదీ ముప్ఫై ఐదుకి ల్యాబులో ఉన్నాడు. రక్తం తీసే అమ్మాయి చంద్రిక, పాత శిష్యురాలే, పాలమూరు వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చిన దాసయ్య కూతురు, రెండేళ్ళు కోచింగ్ తీసుకుని నాలుగు మార్కుల్లో ఉద్యోగం తప్పి టెక్నీషియన్ కోర్సు చేసింది. సూది ఎంత తేలిగ్గా గుచ్చుతుందో ఆయన పదిమందికి చెప్పుకుంటాడు.

"ఏం తిన్నరు సార్? రెండిడ్లీయేనా, రాసేస్తున్న మరి."

"రాయకు. రెండు పెసరట్టు ఉప్మా. ఒక సాంబారు వడ. కాఫీ, రెండు చెంచాల పంచదార."

పెన్ను ఆగింది. "నిజంగనా సార్?"

"నిజంగానే. ఇంకోటి కూడా రాయి. పొద్దున ఇచ్చిన పరగడుపు రక్తం నమ్మొద్దు, దానికి ముందు మూడు రోజులు పథ్యం చేసి వచ్చాను. పదేళ్ళుగా ప్రతిసారీ చేశాను. మేడమ్ గారి ల్యాబుది పొరపాటు కాదు."

చంద్రిక అక్షరం వదలకుండా రాసింది, ఆయన నేర్పిన గుండ్రటి దస్తూరితోనే. రాస్తూ ఒకసారి తలెత్తి చూసింది. మాస్టారికి ఒళ్ళు తేలికైంది, ఆ మూడు రోజుల పెద్దమనిషిని ఈ కుర్చీలోనే దించేసి లేచినట్టుగా ఉంది, ఇక పైకెళ్ళి మేడమ్‌కి కనపడటమే తరువాయి.

మెట్లు పదహారు, మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కడం ఆయనకి చేతకాదు. ఐదు, ఆరు, కడుపు నిండా పెసరట్టు, ఏడు, ఎనిమిది, తొమ్మిదో మెట్టు మీద దవడ పట్టుకుంది. దారం, పుస్తకాల కట్ట, చెమట. గోడ మీద ఏదో పోస్టరు ఉంది, పిల్లల కడుపులో పురుగుల గురించి, కళ్ళు అలవాటుగా దాని మీదికి పోయాయి, చెయ్యి అలవాటుగా జేబులో లవంగాల పొట్లం వెతికింది, దొరికింది కూడా. కాగితాలు పట్టుకుని వెనకాలే వస్తున్న చంద్రిక ఆగింది.

"ఏమైంది సార్? మల్ల పన్నేనా?"

అవునంటే చాలు. ఎంత తేలిక, ఎంత చిన్న మాట. నొప్పి లేదు అని వేదవతి కాగితం మీద ఆ రోజు రాసుకున్న అక్షరాలు పోస్టరు మీద కనిపించాయి, దిద్దేవాడికి అవే కనపడతాయి. మాస్టారు పొట్లం మెట్టు మీద పెట్టి, తొమ్మిదో మెట్టు మీదే కూర్చున్నాడు, కూర్చుని, కింద వెయిటింగు హాల్లో ఆఖరి కుర్చీ దాకా వినపడే తన క్లాసు గొంతుతో చెప్పాడు.

"పన్ను కాదమ్మా చంద్రికా. నెలరోజులుగా ఇంతే, మెట్లెక్కితే పట్టుకుంటుంది, ఆగితే వదులుతుంది. గుండె. నేనింక ఒక్క మెట్టు కూడా ఎక్కను, మేడమ్ గారినే కిందికి రమ్మను. తర్వాత మా ఇంటికి ఫోన్ చెయ్యి. నా అంకగణితం పుస్తకంలో కాలము–పని పాఠం దగ్గర ఒక కాగితం ఉంది, అది తీసుకుని రమ్మని రత్నమాలకి చెప్పు. దారిలో చదువుకుంటూ రమ్మను."

చంద్రిక ఆయన్ని దాటుకుని రెండేసి మెట్లు పైకి పరుగెత్తింది. దవడ మెల్లగా వదులుతోంది. కింద హాల్లో పదిమంది తలలెత్తి చూస్తున్నారు, చూడనీ. పైనుంచి చెప్పుల చప్పుడు వేగంగా దిగి వచ్చింది, వేదవతి ఆయన పక్కన మెట్టు మీదే కూర్చుని మణికట్టు పట్టుకుంది, కళ్ళజోడు ఈసారి కళ్ళ మీదే ఉంది.

"ఏమిటి మాస్టారూ?"

"రెండు వారాల కింద మీరొక ప్రశ్న అడిగారండీ, మెట్లెక్కితే నొప్పి వస్తోందా అని," అన్నాడు సూర్యనారాయణమూర్తి. "తప్పు రాశాను. కొట్టేసి, ఇప్పుడు చెప్పేది రాసుకోండి."